చదవకూడని రాళ్ళ దగ్గర అరగంట

(కర్నూలులో ఒక గ్రంథాలయం నెలవారీ సమావేశంలో, సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినబడుతోందా అమ్మా? ఆ ఫ్యాను ఒక పాయింటు తగ్గించండి. చాలు.

కరపత్రంలో నా పేరు కింద 'ఆస్ట్రేలియా యాత్రా విశేషాలు' అని వేశారు. సిడ్నీ గురించీ కంగారూల గురించీ వినాలని వచ్చినవాళ్ళుంటే ముందే క్షమించండి. సిడ్నీ నేను చూడలేదు. కంగారూలను చూశాను గానీ, ఎక్కువ భాగం లారీ గుద్ది రోడ్డు పక్కన పడివున్నవే. నేను చెప్పబోయేది పాతకాలంవాళ్ళు గుర్తులు కొట్టిన రాళ్ళ మధ్య ఒక అరగంట నడక గురించి. కచ్చితంగా చెప్పాలంటే 680 మీటర్లు. పొద్దున వాకింగుకి వెళ్ళేవాళ్ళు దాన్ని ఒక రౌండు కింద కూడా లెక్కెయ్యరు.

ప్రొజెక్టరు పెడతామన్నారు, వద్దన్నాను. ఫొటోలు లేక కాదు, ఉన్నాయి. చూపిస్తే మీరంతా అర్థాలు చెప్పడం మొదలుపెడతారు. ఎందుకు వద్దంటున్నానో వింటూపోతే మీకే తెలుస్తుంది.

మా అమ్మాయి నర్సు. ఆలిస్ స్ప్రింగ్స్ అనే ఊళ్ళో ఉద్యోగం. ఆస్ట్రేలియా పటం తీసుకుని నడిమధ్యలో వేలు పెడితే అదే ఊరు. దక్షిణాన అడిలైడ్‌కి దాదాపు 1,500 కిలోమీటర్లు, ఉత్తరాన డార్విన్‌కి ఇంకో 1,500. జనాభా 25 వేలు ఉంటుంది. ఊరి మధ్య నుంచి టాడ్ అని ఒక నది పోతుంది. నది అంటే ఇసక. మన హంద్రీకైనా వానలు పడితే నాలుగు రోజులు నీళ్ళొస్తాయి. వాళ్ళు ఆ ఎండిపోయిన నదిలో ఏటా పడవ పందేలు పెడతారు. అడుగు లేని పడవలు. లోపల నిలబడి, పడవని రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఇసకలో పరిగెత్తడమే. 1993లో నదికి నీళ్ళొచ్చి పందెం ఆగిపోయింది. (నవ్వులు) కల్పించి చెప్పడం లేదు, కావాలంటే చూసుకోండి.

ఆ నేల అరండ అనే ఆదివాసీ జాతివాళ్ళది. ఇంగ్లీషులో రాస్తే అక్షరాలు బోలెడుంటాయి, నోటితో అనేటప్పుడు 'అరండ' అంటే దగ్గరగా ఉంటుంది. ఊరికి వాళ్ళ పేరు ఎంబాన్‌ట్వ. ఊరి చుట్టూ ఎర్ర కొండలు. ఆదిలో గొంగళిపురుగుల రూపంలో ఉన్న పూర్వీకులు ఆ కొండల్నీ కనుమల్నీ చేశారంటారు. నేను మొదటివారం 'బాగుంది ఈ కథ' అన్నాను. మా అమ్మాయి దిద్దింది. "అమ్మా, వాళ్ళ ముందు కథ అనకు. వాళ్ళు దాన్ని చట్టం అంటారు" అంది. సరే, అప్పటినుంచి జాగ్రత్తగా ఉన్నాను.

జులైలో ఒక ఆదివారం, అంటే అక్కడ చలికాలం, తెల్లవారకముందే మా అల్లుడు కారు తీశాడు. నేనూ, అమ్మాయీ, మనవడూ. ఊరికి దక్షిణంగా 39 కిలోమీటర్లు పోతే ఎవానింగ అనే చోటు. తారు అయిపోయాక ఎర్ర కంకర రోడ్డు, వెనక్కి చూస్తే ఎర్రటి దుమ్ము తప్ప ఏమీ కనబడదు. రోడ్డు పొడవునా పాత రైలుకట్ట తోడొస్తుంది. ఆ రైలు 1929లో ఆలిస్ స్ప్రింగ్స్ చేరింది. వరదలొస్తే కట్ట కొట్టుకుపోయేది, స్లీపర్లను చెదలు తినేవి. చివరికి 1980లో పడమటగా కొత్త లైను వేసి దీన్ని వదిలేశారు. రైలు పేరు 'ఘాన్'. అఫ్ఘాన్ అనే మాటకి తోకముక్క. రైలుకి ముందు ఒంటెల మీద సరుకు మోసినవాళ్ళందరినీ అఫ్ఘాన్లనే పిలిచేవారు, నిజానికి వాళ్ళలో పంజాబు, సింధు, బలూచిస్తాన్‌ల నుంచి పోయినవాళ్ళు చాలామంది. మా అల్లుడు తానే ఆ ఎడారికి మొదట వచ్చిన ఇండియన్ అన్నట్టు మాట్లాడుతుంటాడు, అందుకని ఇది అతనికి కారులోనే చెప్పాను.

ఇక అసలు సంగతికి వస్తాను.

కారు ఆపేచోట రెండు బల్లలు, ఒక మరుగుదొడ్డి. నీళ్ళు లేవు. నడకదారి మొదట్లో ఒక బోర్డు. ఎక్కడికెళ్ళినా ముందు బోర్డు చదవడం నా అలవాటు, మీలో టీచర్లున్నారు, మీకు తెలుసు. ఆ బోర్డు సారాంశం ఏమిటంటే, ఈ రాళ్ళ మీది గుర్తులకు అర్థాలున్నాయి, వాటి సంరక్షకులకు అవి తెలుసు, దీక్ష పొందనివాళ్ళకు అవి తెలియడం ప్రమాదం, కాబట్టి చెప్పడం లేదు. రాళ్ళెక్కకండి.

అంతే.

నేను 33 ఏళ్ళు పాఠం చెప్పినదాన్ని. బొమ్మ కింద వివరణ లేకపోతే నాకు ఊపిరాడదు. "మరి ఈ చలిలో ఇంతదూరం ఎందుకొచ్చినట్టు?" అని పైకే అనేశాను. మా అల్లుడు ఫోను తీసి, "అత్తయ్యగారూ, నెట్‌లో ఎవరో ఒకరు రాసే ఉంటారు, చూస్తానుండండి" అన్నాడు. సిగ్నలు లేదు. (నవ్వులు) అతను ఫోను పైకెత్తి పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే నాకు నవ్వూ వచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది. ఎందుకంటే నా మనసు కూడా అదే పని చేస్తోంది.

రాళ్ళ దగ్గరికి పోయాం. ఇసకరాయి గుట్టలు, మనిషెత్తున కొన్ని, ఇంకొంచెం ఎత్తుగా కొన్ని, విరిగి పక్కకు ఒరిగిన పలకలు. మొదట ఏమీ కనబడలేదు. ఇంకా నీడగా ఉంది. తరవాత సూర్యుడు పైకొచ్చాడు, వెలుగు రాతి మీద ఏటవాలుగా పడింది. నేను అద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేలోగా రాయి నిండా గుర్తులు. ఒక్కటి కనిపిస్తే చాలు, ఇక ఆగవు. వలయంలో వలయం, దాంట్లో ఇంకో వలయం. వలయం నుంచి బయల్దేరి మెలికలు తిరుగుతూ పలక అంచుదాకా పోయే గీత. మూడు వేళ్ళ పక్షి అడుగు, బాణంలా. చుక్కలు. ఒక గుర్తు మీద ఇంకో గుర్తు, ఎవరో వచ్చి, ఎన్నో తరాల తరవాత ఇంకెవరో వచ్చి కొట్టినట్టు.

ముట్టుకోకుండా ఎంత దగ్గరికి వెళ్ళొచ్చో అంత దగ్గరికి వెళ్ళాను. దూరం నుంచి గీతలా కనబడేది గీత కాదు. చుక్కలు. వేలెడు వెడల్పున పక్కపక్కనే పడ్డ చిన్న చిన్న గుంటలు. అవి చూడగానే నాకు మా నంద్యాల ఇంటి అరుగు గుర్తొచ్చింది.

మీలో ఎంతమందికి జ్ఞాపకముందో! వీధిలో మధ్యాహ్నంపూట కేక వినబడేది: "రోళ్ళకు కక్కు కొడతాం, తిరగళ్ళకు కక్కు కొడతాం." ఆ, చేతులెత్తుతున్నారు, సంతోషం. చిన్నపిల్లలకి చెబుతాను. తిరగలి తిప్పగా తిప్పగా రాయి నున్నబడిపోతుంది, నున్నబడితే గింజ నలగదు, జారిపోతుంది. అప్పుడు రాతిని మళ్ళీ గరుకు చెయ్యాలి. ఆ కేక వేసినామె అరుగు మీద కూర్చుని, తిరగలి పై రాయిని వెల్లకిలా పెట్టుకుని, చిన్న ఉలితో కొట్టుకుంటూ పోయేది. మధ్య నుంచి అంచుకి, అంచు నుంచి మధ్యకి. నల్లరాయి మీద తెల్ల చుక్కలు లేచేవి. మా అమ్మ "రవ్వలు కళ్ళలో పడతాయి, పొండి" అని మమ్మల్ని తరిమేది. కక్కు కొట్టాక మొదట విసిరిన గుప్పెడు పిండీ పారబోసేది, రాతిపొడి తగులుతుందని. ఆ తెల్లచుక్కలు నాకు కళ్ళకు కట్టినట్టున్నాయి. ఎవానింగలో కనబడినవి సరిగ్గా అవే చుక్కలు.

తేడా ఏమిటంటే అక్కడ ఉలి లేదు. ఇనుమే లేదు. ఇసకరాయికన్నా గట్టి రాయిని చేత పట్టుకుని ఆ మొనతో కొట్టాలి. ఒక వలయం, నా జానెడు ఉంటుంది, దాంట్లో వేలెడు మేర చుక్కల్ని లెక్కపెట్టబోయాను. 40 దాటాక కళ్ళు నీళ్ళు కారాయి, వదిలేశాను. ఒక్కో చుక్కకి ఎన్ని దెబ్బలో. అలాంటి పలకలు ఎన్నో. తీరిక దొరికి గీసిన గీతలు కావవి. అర్థం తెలియకపోయినా కష్టం తెలిసింది నాకు. బోర్డు అర్థం దాచింది గానీ చెయ్యి దాచలేదు.

రాతి రంగు సంగతి కూడా చెప్పాలి, నాకు చాలా నచ్చిన విషయం అది. ఎడారుల్లో రాతి మీద వేల ఏళ్ళలో ముదురురంగు పొర ఒకటి పడుతుంది. ఇనుము, మాంగనీసు, గాలికి వచ్చి అంటుకున్న సన్నమట్టి, ఇవన్నీ కలిసి. గోటి మందం కూడా ఉండదు. మన దోసెల పెనానికి ఏళ్ళ తరబడి పట్టిన నలుపులాంటిదనుకోండి. కొత్తగా కొట్టినప్పుడు ఆ పొర పోయి లోపలి లేతరంగు బయటపడుతుంది, గుర్తు తెల్లగా మెరుస్తుంది. అప్పటినుంచి ఆ గుంటల్లో కూడా పొర పేరుకోవడం మొదలవుతుంది. పేరుకుని పేరుకుని చివరికి గుర్తు రంగూ రాయి రంగూ ఒకటే అవుతాయి. అంటే గుర్తు ఎంత తక్కువగా కనబడితే అంత పాతది కావచ్చు. నడినెత్తి ఎండలో పోతే అందుకే ఏమీ కనబడదు. పొద్దున్నో సాయంత్రమో పోవాలి, గుంటలో నీడ పడాలి.

ఎన్నేళ్ళవి అని తిరిగొచ్చాక అందరూ అడిగారు. రాతిని కొట్టిన తేదీ కార్బన్ పరీక్షకు అందదు, దానికి బొగ్గో ఎముకో కావాలి. ఆలిస్ స్ప్రింగ్స్‌కి పడమటగా పురిట్‌జర్రా అని ఒక రాతి ఆవాసం ఉంది, అక్కడ తవ్వితే సుమారు 35,000 ఏళ్ళ కిందటే మనుషులున్నట్టు తేలింది. ఈ గుర్తులు ఆ లెక్కలో ఎక్కడ పడతాయో రాయి చెప్పదు. ఇలాంటి వలయాలూ జంతువుల అడుగులూ ఆస్ట్రేలియాలో చాలాచోట్ల ఉన్నాయి, దక్షిణ ఆస్ట్రేలియాలోని పానరమిటీ అనే పశువుల క్షేత్రం పేరుతో ఆ శైలికి పేరు పెట్టారు. ఆలిస్‌కి తూర్పున ఎండాల కనుమ అని ఉంది, అక్కడ దాదాపు 6,000 చెక్కడాలున్నాయి. నా మోకాళ్ళు ఒప్పుకోలేదు, పోలేదు.

రాళ్ళ పక్కనే ఒక కుంట. ఎవానింగలో గుర్తులన్నీ దాని ఒడ్డునే ఉన్నట్టు లెక్క. మేం పోయినప్పుడు చుక్క నీరు లేదు. పళ్ళెంలా చదునుగా, ఎర్రటి బంకమట్టి పెచ్చులుగా పగిలి ఉంది. ఆ చుట్టుపక్కల వానపడ్డాక నీళ్ళు నిలిచేది అక్కడే. నీళ్ళుంటే జంతువులొస్తాయి, జంతువులొస్తే మనుషులొస్తారు. అరండలో నీటిని 'క్వాచ' అంటారు. మనవడు కుంట మధ్యకి పోయి మట్టిపెచ్చుల్ని కాలితో పటపటమనిపించాడు, నేనూ పోయాను, చెప్పులతో. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు మా అమ్మాయి ఒక పలక ముందు ఆగి, "అమ్మా, ఇది అచ్చం మెలికల ముగ్గు" అంది. నాకూ అప్పటికి రెండుసార్లు అనిపించింది. కానీ ఒక్కటి ఆలోచించండి. ఏ దేశం నుంచో ఒక పండితుడు సంక్రాంతికి మన వీధిలోకి వచ్చి, మన ముగ్గు చూసి, 'ఇది నీటి సంకేతం, ఇది గర్భ సంకేతం' అని పుస్తకం రాశాడనుకుందాం. మా అమ్మ బతికుంటే ఏమనేది? "15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్క" అనేది. తిరిగి లోపలికి పోయి పొయ్యి చూసుకునేది. (నవ్వులు) ముగ్గు వేసేవాళ్ళకి ముగ్గు తెలుసు. చూసేవాళ్ళకి పోలికలే తెలుసు.

ఇప్పుడు మనుషుల గురించి. మా అమ్మాయితో పనిచేసే అరండ ఆవిడ ఒకరు ఒకనాడు టీకి వచ్చారు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న ఉంటారు. నా పేరడగలేదు. "నువ్వు ఈ పిల్లకి ఏమవుతావు? మీ అమ్మ ఎక్కడిది?" అని అడిగారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆస్ట్రేలియాలో అన్నాళ్ళకి ఒక మనిషి అడగాల్సిన ప్రశ్న అడిగింది!

అరండవాళ్ళకి ఎనిమిది వర్గాల పేర్లుంటాయి. అమ్మానాన్నలది ఏదో దాన్నిబట్టి బిడ్డది పుట్టగానే తేలిపోతుంది. ఎవరిని చేసుకోవచ్చు, ఎవరు అన్నదమ్ముల కింద లెక్క, ఎవరితో సరసమాడొచ్చు, ఎవరి ముందు కళ్ళు దించుకోవాలి, అంతా దాన్నిబట్టే. రక్తసంబంధం లేని కొత్త మనిషికి కూడా ఒక పేరిస్తే అతనికి అందరితోనూ వరస కుదిరిపోతుంది. వరస కలపడం! బస్సులో పక్కసీటు మనిషితో వరస కలిపే జాతి మనది, దీన్ని మనకి ఎవరైనా విడమరిచి చెప్పాలా? అల్లుడు అత్తగారి ఎదుటపడకూడదు, నేరుగా మాట్లాడకూడదు. అది విని మా అల్లుడు, "చాలా గొప్ప ఆచారం అత్తయ్యగారూ" అన్నాడు. (నవ్వులు)

ఒక చోటుకి హక్కు తండ్రివైపు నుంచి వస్తుంది. కానీ ఆ హక్కుదార్లు తమంతట తాము ఏమీ చెయ్యకూడదు. తల్లివైపు నుంచి ఆ చోటుతో సంబంధమున్నవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళని 'క్వెర్టెంగర్ల' అంటారు. తంతు సరిగా జరుగుతోందా, హద్దు దాటుతున్నారా అని చూసేది వాళ్ళు. మేనమామ లేకుండా మనకి పెళ్ళవుతుందా? అలాంటిదే అనుకోండి. ఒక గుర్తుకి అర్థం చెప్పడమనేది అక్కడ ఒక మనిషి నోట్లో ఉన్న పని కాదు. ఎవరి చోటు, ఎవరు పక్కనున్నారు, వినేది మగా ఆడా, చిన్నా పెద్దా, ఏ దీక్ష అయింది, ఇవన్నీ కుదిరితే ఒక మాట బయటికొస్తుంది. చనిపోయినవారి పేరు కూడా కొన్నాళ్ళు పలకరు. అదే పేరున్న ఇంకొకరు బతికుంటే ఆయన్ని 'క్వమెంజాయ' అని పిలుస్తారు, పేరుకి బదులు మాట అది. మొగుడి పేరు నోటితో అనని మా అమ్మమ్మకి ఇది చెబితే ఆశ్చర్యపడేది కాదు.

మరి ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదా అంటే, చెప్పారు. 1896లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో జరిగిన పెద్ద క్రతువుల్ని స్పెన్సర్, గిల్లెన్ అనే ఇద్దరు తెల్లవాళ్ళకి చూపించారు. గిల్లెన్ అక్కడి టెలిగ్రాఫు స్టేషను అధికారి. వాళ్ళు చూసినవన్నీ అచ్చువేశారు, ఫొటోలతో సహా. తరవాత స్ట్రెలో అనే ఆయన, అరండ మాట్లాడుతూ పెరిగినవాడు, వృద్ధులు నమ్మి అప్పగించిన పాటలూ వస్తువులూ ఫొటోలూ పోగుచేశాడు. 1978లో ఆ రహస్య క్రతువుల ఫొటోలు ఒక జర్మన్ పత్రికలో వచ్చాయి. పెద్ద గొడవైంది. 1971లో పాపున్య అనే ఊళ్ళో పెద్దలు బోర్డుల మీద రంగులతో వెయ్యడం మొదలుపెట్టినప్పుడు కూడా, తొలి బొమ్మల్లో బయటపడకూడనివి పడ్డాయని తక్కిన ఎడారివాళ్ళు అభ్యంతరం చెప్పారు. ఆ తరవాత బొమ్మల మీద చుక్కలు పెరిగాయి. ఇప్పుడు లక్షలు పోసి డ్రాయింగు రూముల్లో పెట్టుకుంటున్న ఆ చుక్కల బొమ్మల్లో, ఆ చుక్కలు కొంతవరకు తెర. కప్పడానికి వేసినవి. నాకు ఈ సంగతి తెలిసిన రోజు నిద్రపట్టలేదు.

అరండవాళ్ళ నేల పోయింది, నీళ్ళు పోయాయి. పిల్లల్ని కూడా తీసుకుపోయారు. ఆ టెలిగ్రాఫు స్టేషనునే 1932 నుంచి 1942 దాకా, తల్లుల దగ్గర్నుంచి వేరుచేసిన మిశ్రమ సంతానం పిల్లల్ని పెట్టే నిలయంగా వాడారు. ఇప్పుడు టిక్కెట్టు కొని చూసే మ్యూజియం. ఇంత జరిగాక 'ఇది మాత్రం చెప్పం' అంటే, నాకు అందులో మూఢత్వం కనబడలేదు.

ఇక మన సంగతి. మన ఓర్వకల్లు దగ్గర కేతవరం ఉంది కదా. నేను ప్రతి ఏడూ తొమ్మిదో తరగతిని తీసుకుపోయేదాన్ని. గుహరాళ్ళ మీద ఎర్ర జాజుతో వేసిన జంతువులు, మనుషులు. నేను పిల్లలకి టకటకా చెప్పేదాన్ని: ఇది వేట, ఇది నాట్యం, ఇది పూజ, నోట్సు రాసుకోండి. నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. వేసినవాళ్ళకి వారసులమని వచ్చి, 'టీచరుగారూ, అది కాదండీ' అనేవాళ్ళు ఇక్కడ లేరు కాబట్టి నా మాట చెల్లిపోయింది. ఎవానింగలో అనేవాళ్ళున్నారు. అదొక్కటే తేడా. చాలా పెద్ద తేడా. ఇరవై బ్యాచులకి నేను రాయించిన నోట్సు ఇప్పుడు వెనక్కి తీసుకోలేను.

నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో నిలురాళ్ళున్నాయి, కృష్ణ ఒడ్డున. వాటిలో ఒక రాతి మీద గుంటలు సప్తర్షి మండలంలా కొట్టి ఉన్నాయి. 2025లో ఆ చోటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కింది. అదే ఏడాది జులైలో ఆస్ట్రేలియా పడమటి తీరాన మురుజుగ అనే చోటు పూర్తి జాబితాకెక్కింది. అక్కడ పది లక్షలకు పైగా చెక్కడాలు, పక్కనే గ్యాసు కర్మాగారాలు. అంతకు ఐదేళ్ళ ముందు, 2020 మేలో, అదే పడమటి రాష్ట్రంలో జూకన్ కనుమలో 46,000 ఏళ్ళ కిందటినుంచి మనుషులున్న రాతి ఆవాసాలను ఇనుప ఖనిజం కోసం పేల్చేశారు. అక్కడ అర్థం అడగలేదెవరూ, టన్నులే అడిగారు.

సరే, గంట కొట్టకముందే ఆపేస్తాను. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దాయన: "అమ్మా, గురువు రహస్యమన్న మంత్రాన్ని రామానుజులవారు గోపురమెక్కి అందరికీ చెప్పారు. మనం ఆయన్ని పూజిస్తాం. చెప్పనివాళ్ళని మీరు మెచ్చుకుంటున్నారు. ఇదేం న్యాయం?")

మంచి ప్రశ్న మాస్టారూ. వస్తుందనే అనుకున్నాను. రామానుజులు 18 సార్లు తిరిగారంటారు ఆ ఉపదేశం కోసం. 18 సార్లు శ్రీరంగం నుంచి నడిచి పోయి, గుమ్మం దగ్గర నుంచి తిరిగొచ్చి, చివరికి దీక్ష పొంది, అప్పుడు గోపురమెక్కారు. 'నాకు నరకమొస్తే రానీ' అన్నారు. ఆ మంత్రం ఆయనది, నరకమూ ఆయనదే. నేను టిక్కెట్టు కొనుక్కుని విమానంలో పోయి, ఒక్కసారి నడిచి, గోపురమెక్కుతానంటే ఎలా? అయితే మీరన్నదాంట్లో ఒక ముల్లుంది, కాదనను. మన దగ్గర రహస్యం పేరుతో చదువుకే దూరం పెట్టారు కోట్లమందిని. అందుకే 'చెప్పం' అనే మాట వినగానే మనలో చాలామందికి ఒళ్ళు మండుతుంది. నాకూ మొదట మండింది. కానీ మన దగ్గర తలుపు వేసుకున్నవాళ్ళు పైనున్నవాళ్ళు. అక్కడ వేసుకున్నది, ఇల్లు తక్కినదంతా పోయి ఒక్క గది మిగిలినవాళ్ళు. రెండు తలుపులూ ఒకటి కాదని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోనక్కర్లేదు.

(ఒక విద్యార్థిని: "మేడం, టీకి వచ్చిన ఆవిడని మీరు ఎవానింగ గురించి అడిగారా?")

అడగకుండా ఉంటానా? (నవ్వులు) అర్థం అడగలేదు, అంతవరకు బుద్ధి ఉంది. "చిన్నప్పుడు అటు పోయేవారా?" అన్నాను. ఆవిడ కప్పు పక్కన పెట్టి, గంటసేపు చెప్పారు. రాళ్ళ గురించి ఒక్క మాట లేదు. అంతా కుంటల గురించే. వాన పడితే పిల్లలందరూ ఏదో ఒక కుంటకి పరుగు. కొద్దిరోజుల్లోనే నీళ్ళ నిండా చిన్న చిన్న జీవులు, డాలు రొయ్యలంటారు. బొటనవేలంత, వీపు మీద డాలు, మూడు కళ్ళు. తోకలు ఆడించుకుంటూ వేలకొద్దీ. నీళ్ళు ఇంకిపోతే అవి చస్తాయి, గుడ్లు మాత్రం ఎండిన మట్టిలో ఏళ్ళ తరబడి ఉండిపోతాయి, మళ్ళీ వాన పడేదాకా. అప్పుడు నేను కుంట మధ్యదాకా చెప్పులతో నడిచిన సంగతి ఆవిడకి చెప్పాను. "మట్టి ఎండి ఉందా?" అన్నారు. ఉందన్నాను. "అయితే ఏం కాదు, పడుకునుంటాయి" అని నవ్వి, ఇంకో కప్పు టీ అడిగారు. అల్లం ఎక్కువ వెయ్యమన్నారు.